చెక్క అచ్చులు, వాని పనిముట్లు

మైదుకూరు నాలుగు త్రోవలు కలియు నూరు. కడపనుండి కర్నూలునకు పోవు బాటయు, ప్రొద్దుటూరునుండి బద్వేలునకు పోవు బాటయు నిచ్చటనే యొకదాని నొకటి దాటును. అట్టి కూడలిలో పెరిగిన పిల్లవానికి సంతసరకులన్నియు కన్నులయెదుటనే నడచిపోవును. పసుపు గోతాములమీద వర్తకులు తమ గుర్తులను చెక్కదిమ్మెతో అద్దుచుండగా నేను చిన్ననాట నిలువబడి చూచెడివాడను. ఒకనాడు మా పెరటి జామచెట్టు కొమ్మ నఱికిరి. అందొక ముక్కను నున్నచేసి, కలముచెక్కు కత్తితో 'మైదుకూరు' అని యక్షరములు చెక్కి, దీపపుమసి పూసి, కాగితముమీద అదిమితిని. కాగితము తీసి చూడగా అక్షరములన్నియు కుడియెడమలు తారుమారై యుండెను. మా వీధి వడ్రంగి పెద్దాయన దానిని చూచి నవ్వి, "అద్దంలో చూసి చదువుకో నాయనా, అప్పుడు మనూరే కనపడతాది" అనెను.

ఆ నవ్వు నాకు మొదటి పాఠము. చెక్క అచ్చులో కుడి యెడమయగును. మిగిలిన మిట్టభాగము రంగు పట్టును, తీసివేసిన పల్లము కాగితమున తెల్లగా నిలుచును. ఈ రెండు సంగతులను మనసున నుంచుకొన్నచో తక్కిన విద్య యంతయు పనిముట్లలో నున్నది. ఆ పనిముట్ల చరిత్రమును, వానిలో మన తెలుగువారి పాలెంతయో దానిని, ఇంటియొద్ద ఈ పని చేయగోరువారికి కావలసిన సామగ్రిని ఈ ప్రసంగమున మనవి చేసెదను. దానితోబాటు నన్ను చాలకాలము వేధించిన ప్రశ్న యొకటి కలదు. దిమ్మె చెక్కుటలో మనవారు లోకప్రసిద్ధులైరి. బట్టపై అద్దిన ఆ చేతులు కాగితముపై బొమ్మ నేల అద్దలేదు?

చెక్కతో అచ్చువేయు విద్యకు పుట్టినిల్లు చైనాదేశము. ఆ దేశపు వాయవ్యభాగమునందలి తున్‌హ్వాంగు గుహలలో దొరకిన వజ్రసూత్ర మను బౌద్ధగ్రంథము క్రీ. శ. 868లో చెక్క పలకలతో అచ్చువేయబడినది. తేదీ స్పష్టముగా నున్న అచ్చుపుస్తకములలో మనకు దక్కినవానిలో నదియే సమగ్రమైనది, ప్రాచీనమైనది. దాని మొదట బుద్ధుడు శిష్యునకు బోధించుచున్న చిత్రమొకటి కలదు. దాని రేఖలలోని నేర్పును చూచినచో, అప్పటికే ఆ విద్య చాలకాలముగా సాగుచుండెనని తెలియకపోదు. చైనానుండి యీ విద్య జపానునకు పోయెను. అక్కడ 1765 ప్రాంతమున హరునోబు కాలములో అనేకవర్ణముల చిత్రములు వెలువడజొచ్చెను. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక. 1831 ప్రాంతమున వెలువడిన హొకుసాయి గారి పెద్దయల చిత్రమును చూడనివారు నేడు అరుదు. అది కుంచెతో వేసిన చిత్రమని పెక్కుమంది తలంతురు. అది అడవి చేరీ చెట్టు పలకలపై చెక్కి, చేతితో రుద్ది తీసిన అచ్చు.

ఇక మన దేశమునకు వత్తము. మైదుకూరునకు దాపుననే కందిమల్లాయపల్లె కలదు. లోకులు దానిని బ్రహ్మంగారి మఠమందురు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానమును తాటియాకులపై వ్రాసెనని మా ప్రాంతమున ప్రతీతి. తాటియాకుపై వ్రాయు తీరును గమనింపుడు. గంటముతో గీత గీయుదురు. గీసిన పిదప మసియు ఆకుపసరును కలిపి రుద్దుదురు. మసి గీతలలో నిలుచును, మీదిది తుడిచినచో పోవును. అనగా పల్లము రంగు పట్టును, మిట్ట పట్టదు. ఇది చెక్క అచ్చునకు సరిగా విరుద్ధమైన మార్గము. వందలయేండ్లు మన విద్వాంసుల చేయి గీచుటకు అలవాటుపడినది. తాటియాకు సన్నని పొడుగాటి వస్తువు, నున్ననిది, తడిరంగును పీల్చునది కాదు. దానిపై దిమ్మె నద్దిన బొమ్మ నిలువదు. కాగితమో, మన పల్లెలకు మిగుల ఆలస్యముగా వచ్చినది. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌనుదొర, పండితులను తన సొంతసొమ్ముతో పోషించి, తాటియాకు ప్రతులను కాగితములపైకి ఎత్తివ్రాయించిన సంగతి మనకు తెలిసినదే. అప్పటికి కూడ మన గ్రంథములు తాటియాకుల కట్టలలోనే యుండెననుటకు ఇది చాలును. తెలుగు మాటలతో మొదటి అచ్చుపుస్తకములు సయితము 1746లో జర్మనీదేశమందలి హాలే నగరమున బెంజమిను షుల్జి అను మతబోధకునిచేత వెలువడెను గాని మన గడ్డపై కాదు.

కాబట్టి నా ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది: మనకు కాగితము వంటి వస్తువు బట్టయే. అచ్చువిద్య మనకు బట్టమీద వికసించినది. మచిలీపట్టణమున డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తకస్థానములు పెట్టుకొనుటకు ఆ తీరపు అద్దకపు బట్టలు ముఖ్యకారణములలో నొకటి. ఉతికిన కొలది పోవని రంగులు ఐరోపావారికి అద్భుతముగా తోచెను. ఆ బట్టల తాకిడికి తట్టుకొనలేక తమ నేతగాండ్రు మొఱపెట్టుకొనగా, ఫ్రాన్సుదేశమువారు 1686లో వానిని నిషేధించి 1759 వఱకు ఆ నిషేధమును నడపిరి. ఆంగ్లేయులు 1721లో తమ దేశమున అద్దకపు నూలుబట్టలను కట్టుటయే తప్పని శాసనము చేసిరి. ఒక చెక్కదిమ్మె పని యెంతదూరము పోగలదో దీనివలన తెలియును.

నేను మచిలీపట్టణము దాపుననున్న పెడనకు పోయి దిమ్మెలు చెక్కు పని చూచితిని. బాగుగా ఆరిన టేకుపలకను తీసికొని దాని ముఖమును అద్దమువలె చదునుచేయుదురు. పైన తెల్లని పూత వేసి, దానిమీద బొమ్మను దించుదురు. పిదప సన్నని ఉలులతో అంచులు దింపి, నడిమి చెక్కను లోతుగా తీసివేయుదురు. పెద్ద పల్లములను ముందు బరమాతో తొలిచి, తరువాత ఉలితో శుభ్రము చేయుదురు. ఉలిపై కొట్టు సుత్తి యినుముది కాదు, కఱ్ఱది. ఇనుపసుత్తి దెబ్బకు సన్నని రేఖ యెగిరిపోవును. పని ముగిసిన దిమ్మెను నూనెలో నానవేయుదురు. నూనె పట్టిన చెక్క తడిరంగులో మాటిమాటికి మునిగినను ఉబ్బదు, పగులదు. ఒక బొమ్మకు రేఖలదిమ్మె యొకటి, రంగులు నింపు దిమ్మెలు కొన్ని. ఇవి యన్నియు ఒకదానిపై నొకటి వెండ్రుకవాసి తేడా లేక కూర్చుండవలెను.

ఆ రంగుల రహస్యము కూడ చెప్పదగినది. బట్టను ముందు కరక్కాయ నీటిలో, పాలలో ముంచి ఆరవేయుదురు. తుప్పు ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసిన ద్రవమును దిమ్మెతో అద్దినచో, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపగును. మన తాతలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసికొన్నదియు ఈ న్యాయముననే. ఎఱుపు కావలసినచోట పటికనీరు అద్దుదురు. అప్పటికి అచట రంగేమియు కానరాదు. బట్టను చిరివేరుతో ఉడికించినపుడు పటిక యున్నచోట మాత్రమే ఎఱుపు పట్టును. దిమ్మె అద్దునది రంగు కాదు, రంగును పట్టుకొను గుణము. ఈ సంగతి తెలిసిన పిదప, మనవారు కాగితమువైపు చూడకపోవుటలో నాకు ఆశ్చర్యము తగ్గెను. ఉడకబెట్టుట, ఉతుకుట, ఎండవేయుట ఈ విద్యకు ప్రాణములు. కాగితమీ బాధలకు నిలువదు.

ఆ వైభవము పలుదెబ్బలు తినెను. 1864 నవంబరు 1వ తేదీ తుపానులో మచిలీపట్టణము సముద్రపు పోటునకు మునిగి సుమారు 30,000 మంది మృతినొందిరి. 1868లో జర్మను రసాయనశాస్త్రజ్ఞులు వేళ్లలోని ఎఱ్ఱరంగును కృత్రిమముగా చేయు మార్గము కనుగొనిరి. 1897లో కృత్రిమమైన నీలిమందు అంగడికి వచ్చెను. ఈ రెండవ దెబ్బ మా కడపజిల్లాకు సూటిగా తగిలెను. చెన్నపురి రాజధానియందు నీలిమందునకు పేరుపడిన జిల్లాలలో కడప యొకటి. ఆ పంట పోయెను, తొట్లు పూడెను.

దిమ్మెల విద్య ఇట్లుండగా, ఐరోపానుండి మఱియొక పనిముట్ల వంశము మన దేశమునకు వచ్చినది. ఆంగ్లదేశమున తామసు బెవిక్కు (1753–1828) అను నతడు పలక ముఖమును విడిచి, చెట్టును అడ్డముగా కోసిన ముఖముమీద చెక్కు పద్ధతికి గొప్ప కీర్తి తెచ్చెను. ఇందులకు ఉలి పనికిరాదు. కంసాలి నగిషీ చెక్కు సన్నని మొన వంటి పనిముట్టు కావలెను. చెక్కయు మిగుల చిక్కని పోగుగలది కావలెను. 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు మద్రాసున స్థాపించిన కళల పాఠశాలలో ఈ విద్యను నేర్పిరి. ఐరోపా చెట్టు కఱ్ఱకు బదులు మన యడవులలో నేది తగునని పరీక్షలు జరిగెను. అరణ్యశాస్త్ర గ్రంథములలో ఇందులకు తగినవిగా పేర్కొనబడిన కఱ్ఱలలో బిక్కిజాతివాటితో పాటు జామ కూడ కలదు. ఈ మాట చదివిననాడు మా పెరటి కొమ్మ జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిని. తెలియక పట్టిన కఱ్ఱ తగిన కఱ్ఱయే. తప్పు చెక్కినవానిది.

ఇప్పుడు ఇంటియొద్ద చేయగోరువారికి కావలసిన సామగ్రిని చెప్పెదను. ఇది నేను కొన్ని యేండ్లు చేసి, చెడిపి, మరల చేసి తెలిసికొన్నది.

మొదటిది చెక్క. ముక్కాలంగుళము మందము, జానెడు చదరము గల పలక చాలును. టేకు మంచిదే గాని, దాని పోగు నడుమ నడుమ గట్టిగాను మెత్తగాను ఉండుటచే కొత్తచేతికి రేఖ తప్పును. మామిడిపలక చౌక. పెద్ద బొమ్మలకు పనికివచ్చును. జామ, పాలకొడిసె కఱ్ఱలు చిన్న ముక్కలుగనే దొరకును, సన్నని పనికి శ్రేష్ఠములు. మా కొండలలోని రక్తచందనమును చూచి ఆశపడవలదు. అది మిగుల గట్టిది, బరువైనది. దానిని కొట్టుట చట్టవిరుద్ధము కూడ. ఏ కఱ్ఱయైనను ఒక వేసవి నీడలో ఆరవలెను. ఆరని పలకపై నేను నెలదినములు చెక్కిన బొమ్మ, ఫాల్గుణపు ఎండకు నడిమికి చీలెను. ఆ బాధ మీకు వలదు.

రెండవది ఉలులు. నాలుగు చాలును. వాలుమొన కత్తి యొకటి. రేఖకు రెండువైపుల గాటు పెట్టుటకు ఇదియే ప్రధానము. గోరువలె వంగిన మొనగల ఉలులు రెండు, ఒకటి సన్నము, ఒకటి వెడల్పు. నడిమి చెక్క తీయుటకు ఇవి. చదునుమొన ఉలి యొకటి, పల్లమును సరిచేయుటకు. జపానువారి పెట్టెలోను ఈ తరగతుల ఉలులు కలవు. అరిగిన రంపపు ఉక్కుబద్దను కమ్మరి కొలిమిలో సాగగొట్టించి, నీరుపట్టించి, చింతకఱ్ఱ పిడి వేయించినచో మంచి కత్తి యగును. మా యూర నాకు కత్తి చేసిన కమ్మరి, పిడి వేసిన వడ్రంగి ఒకే యింటి అన్నదమ్ములు. ఇనుము, కఱ్ఱ, కంచు, రాయి, బంగారము అను నైదు వృత్తులు ఒక కులముగా నుండుట యేమి సౌకర్యమో ఆనాడు నాకు తెలిసెను.

మూడవది సానరాయి. దీనిని మూడవదిగా చెప్పినను విలువలో మొదటిది. మొద్దు ఉలి జారును, జారిన ఉలి చేతిని కోయును. నన్ను చూచి నవ్విన ఆ వడ్రంగి పెద్దాయనయే మఱియొకనాడు, "పని జేసేది ఉలి గాదు నాయనా, ఉలికి పదునిచ్చే రాయి" అనెను. సానరాయి వాడగా వాడగా నడుమ గుంటపడును. కడపరాతి పలకపై సన్నని యిసుక, నీరు వేసి, సానరాతిని బోర్లించి రుద్దినచో మరల చదునగును. మన జిల్లా ఇండ్లలో కడపబండ లేనిది లేదు. ఆ బండయే రంగు నూరుటకు, రంగును పలుచగా పఱచుటకు కూడ పనికివచ్చును.

నాలుగవది అడ్డుపలక. ఒక పలకకు ముందు క్రిందివైపున ఒక బద్ద, వెనుక పైవైపున ఒక బద్ద మేకులతో కొట్టుడు. క్రిందిబద్ద బల్లయంచును పట్టుకొనును, పైబద్ద మీ దిమ్మెను కదలనీయదు. అప్పుడు ఎడమచేయి ఉలికి ఎదురుగా నుండవలసిన పని లేదు. పిల్లలకు ఈ విద్య నేర్పువారు ముందు దీనిని చేయించి, పిదప ఉలి చేతికీయవలెను.

ఐదవది రంగు. ఆముదపు దీపముపై మూకుడు బోర్లించినచో మసి పట్టును. మన తల్లులు కాటుక పట్టు విధమే యిది. దానికి పలుచని గంజి కలిపినచో నీటిరంగు, కాచిన అవిసెనూనె కలిపి నూఱినచో నూనెరంగు. జపానువారు వాడునది మొదటిది. వారు రంగునకు బియ్యపు జిగురు చేర్చి, కురుచ వెండ్రుకల కుంచెతో దిమ్మెపై పఱతురు. నూనెరంగును గుడ్డమూటతో తట్టి పూయవచ్చును.

ఆఱవది కాగితము, రుద్దుడు. నున్నని వ్రాతకాగితము పనికిరాదు. చేతితో చేసిన కాగితము, నేపాళమున చెట్టుపట్టతో చేయు కాగితము వంటిది కావలెను. నీటిరంగునకైనచో కాగితమును ముందునాటి రాత్రియే తేమగుడ్డల నడుమ నుంచవలెను. తేమ యెక్కువైన రేఖ కరగును, తక్కువైన రంగు పట్టదు. రుద్దుటకు జపానువారు వెదురుపొర చుట్టిన గుండ్రని సాధనమును వాడుదురు. మనకు అన్నపు తెడ్డు వెనుకభాగము చాలును. నడుమనుండి అంచులకు గుండ్రముగా, బరువు సమముగా రుద్దవలెను. రెండు మూడు రంగులు కావలసినవారు పలక మూలను ఒక మడత గాటు, అంచున ఒక తిన్నని గాటు చెక్కి, ప్రతిసారి కాగితమును ఆ గాట్లకే ఆనించవలెను. జపానువారి బహువర్ణచిత్రముల కూర్పంతయు ఈ రెండు గాట్లపై ఆధారపడియున్నది.

ఇంతే సామగ్రి. యంత్రమక్కఱలేదు, వేరుగా గదియు అక్కఱలేదు. ఇంత సులువైన విద్యను ఒక్కడు ఇంటగూర్చుండి చేయవచ్చునను తలంపు మాత్రము లోకమునకు ఆలస్యముగానే కలిగెను. పాత జపానులో చిత్రము వ్రాయువాడొకడు, చెక్కువాడొకడు, అద్దువాడొకడు, సొమ్ము పెట్టు ప్రచురణకర్త యొకడు. 1904లో యమమోతో కనాయె అను యువకుడు ఒక జాలరి బొమ్మను తానే గీచి, తానే చెక్కి, తానే అద్దెను. అక్కడినుండి కొత్తమార్గ మారంభమైనది. మన దేశమున శాంతినికేతనమునందు నందలాల్ బోసు ఈ విద్యను ఆదరించెను. 1924లో రవీంద్రునితో చైనా, జపానులకు పోయి ఆ దేశముల అచ్చుచిత్రములను చూచివచ్చెను. 1930లో దండియాత్రకు కఱ్ఱ పట్టుకొని నడచు గాంధీమహాత్ముని బొమ్మను మెత్తని లినోలియముపై చెక్కి అద్దెను. నలుపు తెలుపులే గాని, దేశమంతయు దానిని గుర్తుపట్టెను.

ఆయన శిష్యులలో మన రాయలసీమవాడొకడు కలడు. చిత్తూరుజిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి పారిసు, న్యూయార్కు నగరములలో పనిచేసి అచ్చుచిత్రకళలో లోకమెఱిగిన ఆచార్యుడయ్యెను, 2018లో గతించెను. మెదకు ప్రాంతమునుండి వచ్చిన లక్ష్మాగౌడు మఱియొక ప్రసిద్ధుడు. ఈ యిరువురికి ముఖ్యముగా పేరు తెచ్చినది లోహపు రేకును తొలిచి, పల్లములలో రంగు నింపి తీయు పద్ధతి. గంటపు చేతి సంప్రదాయము తాటియాకును విడిచి రాగిరేకు చేరెనా యని నాకు అప్పుడప్పుడు తోచును. ఇది నా ఊహ మాత్రమే. దీనిని చరిత్రముగా చెప్పుటలేదు.

చరిత్రముగా చెప్పదగినది వేఱొకటి కలదు. పెడనలో నేడు తెరమీద రంగులాగి అద్దు పద్ధతి వేగమైనది, చౌకైనది. దిమ్మె పనికి గిరాకి తగ్గినది. నేను చూచిన ముసలి పనివాని యింట గోడకు ఆనించి పాతదిమ్మెలు గుట్టగా పడియుండెను. కొన్నిటి పిడులు ఊడెను, కొన్నిటిని చెదలు తినెను. "వీటిని ఏం చేస్తారండీ?" అని అడిగితిని. "షోకు వస్తువులుగా కొనుక్కుపోతారు బాబూ, ఉలులు మాత్రం ఎవరూ అడగరు" అని ఆయన చెప్పెను. ఆయన ఉలులు ఇరువదికి పైగా నుండెను. కొన్ని ఆయన తండ్రివి. అరిగి అరిగి కొన్ని పిల్లవాని వ్రేలంతయైనవి. ఏ ఉలి యే వంపునకో ఆయన వ్రేళ్లకు తెలియును గాని, ఏ పుస్తకమునను వ్రాయబడలేదు.

దిమ్మె అలంకారమై గోడ కెక్కును. ఉలి మాత్రము పట్టు చేయి లేనియెడల తుప్పుముక్క. కావున శ్రోతలకు నా మనవి యిది: మీ యూరి వడ్రంగి, కమ్మరి యింకను పనిచేయుచుండగనే ఒక కత్తి చేయించుకొనుడు. ఒక జామముక్క నారవేయుడు. పిల్లలచేత తమ యూరి పేరు చెక్కింపుడు. మొదటిసారి అక్షరములు తారుమారై వచ్చినచో కోపింపవలదు; అద్దము నొకదానిని చేతికిచ్చి, రెండవ ముక్కను నున్నచేయింపుడు.